ఎడమ పక్క వైరు

మోనోనా స్టీరియోనా అన్నా అని నవాజ్ అడిగి వెళ్ళి చాలాసేపయింది, ఆ మాట మాత్రం ఇంకా నా ముందరే నిలబడి ఉంది. వాడు స్టేజీ దిగి జనరేటరు మనిషితో డీజిలు సంగతేదో మాట్లాడుతున్నాడు. మా పాటల పార్టీకి మైకులూ వైర్లూ చూసేది వాడే, ఒక వైరు లాగాలో రెండు లాగాలో తేలితే గానీ వాడి పని సాగదు. పార్టీ ఓనరు రవూఫ్ భాయ్ అసర్ నమాజుకి వెళ్ళాడు, ఆయన తిరిగొచ్చేలోపు నేనేదో ఒకటి చెప్పాలి. మద్రాసు నుంచి కొత్త రివర్బ్ పెట్టె మోసుకొచ్చింది ఆయనే, ఇదిగో పాదం, నీ గిటారు కోసమే తెచ్చా చూడు అని నాకు బట్ట విప్పి చూపించాడు, ఇటుక కంటే కాస్త పెద్దది, నల్లది, ముందు ఎర్ర దీపాలు, వెనక వైర్లు గుచ్చడానికి రెండు కన్నాలు. ఇన్నాళ్ళూ మా దగ్గరున్న పెట్టెకి ఒకటే కన్నం, కాబట్టి ఇన్నాళ్ళూ నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎదురుగా గుణదల కొండ మీదికి తిరనాళ్ళ జనం ఎక్కుతూనే ఉన్నారు, గుండ్లు కొట్టించుకుని గంధం రాసుకున్నవాళ్ళు దిగుతున్నారు, ఏటవాలు ఎండ ఆ గుండ్ల మీద పడి వరసగా మెరుస్తోంది, కొబ్బరికాయల వాడూ కొవ్వొత్తుల ఆవిడా పోటీపడి అరుస్తున్నారు. ఆ అరుపులన్నీ నాకు ఒక్క వైపు నుంచే వస్తున్నాయి. కొవ్వొత్తుల ఆవిడ ఎడమ చేతి వైపు కూర్చుని ఉందని కళ్ళతో చూస్తున్నాను కాబట్టి తెలుసు, కళ్ళు మూసుకుంటే ఆవిడ కూడా కుడి పక్కకి వచ్చేస్తుంది.

రివర్బ్ అంటే ఏమిట్రా అని మా అమ్మ రావమ్మ ఒకసారి అడిగింది. నాకు మాటలు రావు, ఆవిడకి తెలుసు, అయినా అడిగింది. మన కాలువ తూములో తల పెట్టి కూత వేస్తే కూత అయిపోయాక తూము తన వంతు కాసేపు పలికేది చూడు, అదేనమ్మా, దాన్ని పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు అన్నాను. తూముని అమ్ముతున్నారా, ఎవరు కొంటార్రా, అంది. గిటారు తీగ మీటితే ఉట్టి తీగ చప్పుడే వస్తుంది, ఎండిన చప్పుడు, వాకిట్లో చెంచా పడ్డట్టు. దానికి ఒక గోడా ఒక కప్పూ కావాలి. ఆ గోడా కప్పూ ఈ పెట్టెలో ఉంటాయి. మోనో అయితే ఒకటే వైరు, ఒకటే స్పీకరు, స్వరం వెనకాలే దాని నీడ నిలబడుతుంది, తూములో లాగా. స్టీరియో అయితే రెండు వైర్లు, స్టేజీకి ఆ చివర ఒక స్పీకరు, ఈ చివర ఒక స్పీకరు, అప్పుడు నీడ వెనకాల నిలబడదు, రెండు పక్కలకీ పరుచుకుంటుంది, మనిషి దాని మధ్యలో నిలబడి ఉంటాడు. రెండు చెవులు ఉన్న మనిషి.

నాట్లప్పుడు మా చేలో ఆడవాళ్ళు రెండు బంతులుగా వరసకట్టి దిగేవాళ్ళు, ఈ గట్టు నుంచి ఒక బంతి, ఆ గట్టు నుంచి ఒక బంతి, వంగి నాటుకుంటూ మధ్యకి వచ్చేవాళ్ళు, ఇటువాళ్ళు ఒక చరణం అంటే అటువాళ్ళు దాన్ని అందుకునేవాళ్ళు, నేను మధ్య గట్టు మీద నారు కట్టల పక్కన బురద కాళ్ళతో కూర్చునేవాణ్ణి. మా అమ్మ గొంతు ఎప్పుడూ ఎడమ వైపు. అందరి గొంతుల్లో అది కాస్త బొంగురు, కాస్త వెనకబడి వచ్చేది, ఆవిడ నడుము నొప్పి మనిషి. దానికి స్టీరియో అని పేరని నాకు బెజవాడ వచ్చాక గానీ తెలీలేదు. గవర్నర్‌పేటలో మ్యూజిక్ షాపతను నా నెత్తిన హెడ్‌ఫోన్లు పెట్టి ఇదీ స్టీరియో అంటే, ఇదా, ఇది నాకు ముందే తెలుసు అనుకున్నాను, పైకి ఏమీ అనలేదు, అతను నన్ను చూసి ఇతనికి అర్థం కాలేదు అనుకున్నాడు. ఆ గొంతు ఇప్పుడు లేదు. మా అమ్మ పోయి లేకపోవడం ఒకటి, ఆ పక్కే లేకపోవడం ఒకటి, రెండూ వేరు వేరు సంగతులు, కానీ నాకు కలిసిపోతుంటాయి, ఉన్నట్టుండి ఎడమ వైపు ఏమీ వినపడక తల తిప్పినప్పుడల్లా ముందు అమ్మే గుర్తొస్తుంది.

ఆ ఎడమ చెవి పోయిన రోజంటూ లేదు. చేలో నీళ్ళు ఇంకినట్టు పోయింది, పొద్దున చూస్తే ఉంటాయి, సాయంత్రం చూస్తే ఉంటాయి, ఒక పూట చూస్తే నెర్రెలు. వెనక డ్రమ్ముల వాడి ఇత్తడి తాళాలు అన్నేళ్ళు ఆ చెవి పక్కనే మోగాయి, అదేనేమో, మరొకటేమో, డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, వెళ్తే ఒక పేరు పెడతాడు. భవానీపురంలో మా వీధి చివర ఛాయాదేవి గారి ఎస్టీడీ బూతు ఉంది. ఊరికి ఫోను చేద్దామని ఒకనాడు అక్కడికి వెళ్ళి రిసీవరు పెట్టుకుంటే ఏమీ లేదు, గాలి కూడా లేదు. లైను పోయిందండీ అన్నాను. ఆవిడ స్వెట్టరు అల్లుకుంటోంది, తల ఎత్తకుండానే, మీటరు తిరుగుతోంది కదండీ, అవతల మనిషి అరుస్తున్నాడు నాక్కూడా వినపడుతుంటే, ఆ పక్కకి మార్చి పెట్టుకోండి అంది. మార్చి పెట్టుకున్నాను. మా చిన్నాన్న కొడుకు హలో హలో అని బూతులు తిడుతున్నాడు. ఆవిడ మాత్రం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నేను ఎప్పుడు వెళ్ళినా రిసీవరు తీసి నా కుడి చేతికి ఇస్తుంది. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసిన మనిషి ఆవిడొక్కతే, ఆవిడతో నేను మొత్తం మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కుడి పక్కకి తిరిగి పడుకుంటే బెజవాడ మొత్తం ఆగిపోతుంది. జంక్షన్లో రైళ్ళు, హైవే మీద లారీలు, పక్క వాటాలో టీవీ, అన్నీ దిండు కింద ఉండిపోతాయి. మొదట్లో హాయిగా ఉందనుకున్నాను. తర్వాత్తర్వాత, తలుపు ఎవరన్నా కొడితే తెలీదు కదా అని వెల్లకిలా పడుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎవరూ కొట్టలేదు.

ఇన్నాళ్ళు ఎలా దాగింది అని ఎవరన్నా అడిగితే నేనేం దాచలేదు, నా స్వభావం దాచింది. మా పార్టీలో అందరికీ ఒక లెక్క ఉంది. ఏ సంగతైనా పాదంతో చెప్పు, వాడు ఊ అంటే అయినట్టు, అనకపోతే కానట్టు, రెండోసారి అడగొద్దు, విసుక్కుంటాడు. నేనెప్పుడూ ఎవరిమీదా విసుక్కోలేదు, కానీ ఆ లెక్క అలా పడిపోయింది, దాని మీదే అన్నేళ్ళూ ప్రోగ్రాములు నడిచాయి. ఫలానా పాట శృతి పెంచుదామా, ఊ. తెనాలి ప్రోగ్రాముకి రాత్రికి బయల్దేరదామా, ఊ అనకపోతే తెల్లారి బయల్దేరేవాళ్ళం. అలాంటివాడు ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకలేదంటే చెవి పోయిందని ఎవరనుకుంటారు, ఇష్టం లేదనుకుంటారు. రవూఫ్ భాయ్‌కి చెప్పేద్దామని ఒకటి రెండు సార్లు ఆయన ఇంటి దాకా వెళ్ళాను. అంతకు కాస్త ముందే తబలా వెంకటప్పయ్య గారి చెయ్యి వణుకుతోందని ఆయన్ని మాన్పించారు, శాలువా కప్పి, స్వీట్లు పెట్టి, రిక్షా దాకా సాగనంపి మాన్పించారు, వెంకటప్పయ్య గారు ఆ శాలువా భుజాన వేసుకుని రిక్షాలో కూర్చుని అటు తిరిగిపోయారు. నాకు ఆ శాలువా కళ్ళలో మెదిలింది. గుమ్మం దాకా వెళ్ళి, ఇటు వైపు పనుండి వచ్చా భాయ్ అని టీ తాగి వచ్చేశాను. గిటారు లేకపోతే నేనేమిటి, నోరు లేని మనిషికి ఉన్న నోరు అదొక్కటే, అది కూడా ఊడబెరికితే భవానీపురం గదిలో కూర్చుని గోడకేసి చూడటమే.

ఒకప్పుడు నాతో వాయించిన జాకీర్ ఇప్పుడు నా ఎడమ పక్కన కూర్చుని ఉన్నాడు. మూడేళ్ళ తర్వాత వచ్చాడు, మా రిథమ్ గిటారు కుర్రాడికి కామెర్లు తగిలితే రవూఫ్ భాయ్ వన్‌టౌన్ వెళ్ళి, బావమరిది బట్టల కొట్లో గుడ్డ చింపుతున్న జాకీర్‌ని ఈ ఒక్క పూటకి రమ్మని బతిమాలి తీసుకొచ్చాడు. వచ్చాడు, కుర్చీ తీసుకుని పాత అలవాటు చొప్పున ఎడమ పక్క వేసుకున్నాడు, తల వంచుకుని తీగలు సవరించుకుంటున్నాడు. గడ్డం తెల్లబడింది. వేళ్ళ చివర్లు మెత్తబడినట్టున్నాయి, తీగ నొక్కినప్పుడల్లా మొహం చిట్లిస్తున్నాడు. ఇందాకటి నుంచి నాతో ఏమన్నా అన్నాడా, ఏమీ అనలేదా, నాకు తెలీదు. ఒకవేళ ఏమన్నా అని ఉంటే నేను ఇప్పటికి పలకలేదన్నమాటే. అటు తిరిగి చూద్దామంటే, వాడు నావైపు చూస్తూ ఉంటే, ఏదో అడిగి జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఏమడిగాడో తెలియని మొహం పెట్టుకుని నేను ఎంతసేపని చూడను. అందుకని కొండ వైపు చూస్తున్నాను. మెట్ల మీద ఒక ముసలావిడ మోకాళ్ళతో ఎక్కుతోంది, ఆవిడ పక్కన కూతురో కోడలో గొడుగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగుతూ వస్తోంది.

వాడూ నేనూ పక్కపక్కన వాయించిన రోజుల్లో వాడు నోరు మూసేవాడు కాదు. పాట నడుస్తుంటే కూడా నా చెవిలో ఏదో ఒకటి వేసేవాడు. పెళ్ళికొడుకు మామని చూడు, వంకాయ కూరలో పురుగు కనపడ్డట్టు చూస్తున్నాడు అనేవాడు. ఆ మూడో వరసలో ఎర్ర చొక్కా ఇవాళ మళ్ళీ అదే పాట అడుగుతాడు చూడు, ఇవాళ అడిగితే వాణ్ణే ఎక్కి పాడమందాం అనేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు, కానీ వాడికి తెలిసేది, నా మీటు కాస్త తేలికపడేది, అది విని వాడు ఇంకోటి వదిలేవాడు. వాడి రిథమ్ ఎడమ చెవిలో గట్టు లాగా పడి ఉండేది, నా స్వరం దాని పక్కన నీళ్ళ లాగా పారేది. ఇద్దరి మధ్యా జరిగినదంతా ఆ చెవిలోనే జరిగింది. తర్వాత్తర్వాత వాడి మాటలు తగ్గాయనుకున్నాను. పెళ్ళయింది, పిల్ల అఫ్సా పుట్టింది, బరువులు పెరిగాయి, తగ్గించాడు పాపం అనుకున్నాను. తగ్గింది వాడు కాదు. వాడు చెప్పీ చెప్పీ, గోడకి చెప్పినట్టయి, చివరికి మానేశాడు. అప్పుడు పెడనలో ఒక మగ్గాల ఆసామి ఇంట పెళ్ళి. రెండు పాటల మధ్య పురోహితుడు మైకు తీసుకున్నాడు, మేమిద్దరం ఊరకే కూర్చున్నాం. ఆ సందులో వాడు నాతో ఏదో చెప్పాడంట. నాకు ఆ సందు బాగా గుర్తుంది. పట్టు పంచెల మెరుపు గుర్తుంది, చిన్న తీగ జారుతుంటే మరలు బిగించుకోవడం గుర్తుంది, వాడు చెప్పడం మాత్రం లేదు. మర్నాడు వాడు పార్టీ మానేశాడని రవూఫ్ భాయ్ చెప్పాడు. ఏడాది తిరిగాక భవానీపురం బస్సు స్టాపులో వాడి భార్య ఫరహత్ కనపడింది, చేతిలో కూరల సంచీ, ఆవిడ నా కుడి పక్కన పడేటట్టు జరిగి నిలబడ్డాను. బాగున్నారాండీ అంది, ఆగి, మీరిద్దరూ బయటికి వచ్చి రెండు గిటార్లతో చిన్న పార్టీ పెట్టుకుందామని మా ఆయన పెడనలో మిమ్మల్ని అడిగారంట కదండీ, మీరు ఊ అనలేదంట, దాంతో ఆయనకి గిటారు మీదే మనసు విరిగిపోయింది, ఇంట్లో రేడియో కూడా పెట్టనివ్వరు అంది. బస్సొచ్చింది. ఆవిడ ఎక్కేసింది. ఆవిడ వెనకాలే ఎక్కి చెప్పాల్సింది. లేదమ్మా, నాకు వినపడలేదని చెప్పు అనాల్సింది. ఆ మాట ఆ కూరల సంచీతోపాటు వన్‌టౌన్ వెళ్ళి అక్కణ్ణించి రవూఫ్ భాయ్ ఇంటికి వెళ్తుందని ఆగిపోయాను. బస్సు వెళ్ళిపోయాక అక్కడే నిలబడ్డాను, ఎటు వెళ్ళాలో తెలిసి కూడా.

మోనో అంటే ఒక చిక్కు ఉంది. ఎందుకని అడుగుతాడు రవూఫ్ భాయ్, రెండు కన్నాల పెట్టె తెచ్చి ఇస్తే ఒక కన్నం ఎందుకు మూస్తున్నావు అంటాడు, సబబే, దానికి నా దగ్గర ఒకటే జవాబు. స్టీరియో అంటే ఏ చిక్కూ లేదు, జనానికి బాగుంటుంది, భాయ్‌కి ముచ్చట తీరుతుంది, నాకు మాత్రం నా సొంత స్వరంలో సగం ఎక్కడికి పోతోందో తెలీదు. పోనీలే అనుకున్నాను. చేలో పండించినవాడు మొత్తం తింటాడా. నవాజ్ మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడి, ఏమన్నావన్నా, అన్నాడు.

"స్టీరియో."

"అదీ మాట," అని వాడు వైర్లు లాగడం మొదలెట్టాడు. కుడి స్పీకరు నా పక్కనే. ఎడమ స్పీకరు జాకీర్‌కి అవతల, స్టేజీ చివర. ఇటు గుచ్చాడు, అటు లాక్కుంటూ వెళ్ళాడు, మధ్యలో జనరేటరు మనిషి పిలిస్తే దిగాడు, మళ్ళీ ఎక్కలేదు, కింద మిక్సరు ముందు కూర్చుని చెయ్యెత్తి, వాయించన్నా అన్నాడు. మీటాను. స్వరం కుడి వైపు లేచింది, దాని వెనక పెద్ద గుడి ఒకటి లేచింది. బాగానే ఉంది. కన్నీళ్ళొస్తాయేమో అన్నంత బాగుంది.

"రైటు ఓకేనా అన్నా?"

"ఓకే."

"లెఫ్టు?"

అటు చెవి పెట్టి వింటున్నట్టు తల వంచాను. కళ్ళు కూడా మూసుకున్నాను. "బాగుంది," అన్నాను. అంతటితో ఆగకుండా, నమ్మకంగా ఉంటుందని, "కాస్త ఎక్కువైంది, తగ్గించు," అన్నాను.

నవాజ్ ఏదో మీట తగ్గించాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోయింది."

కళ్ళు తెరిచి ఎందుకో ఎడమ వైపు చూశాను. జాకీర్ వాయించడం ఆపేశాడు. వాడి కుర్చీ కాలు పక్కన తివాచీ మీద వైరు కొస పడి ఉంది. నవాజ్ దాన్ని స్పీకరులో గుచ్చనేలేదు. జాకీర్ ఆ కొసని చూశాడు, నన్ను చూశాడు. వాడి పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు. నేను చూస్తూ ఉండిపోయాను. మళ్ళీ అన్నాడు, ఈసారి నా మొహం చూసుకుంటూ, మెల్లగా, వినపడుతుందా లేదా అని పరీక్ష చేసినట్టు. తర్వాత వాడు గిటారు ఒళ్ళోంచి దించి పక్కన పెట్టాడు, కుర్చీ ఎత్తుకున్నాడు, నా వెనకగా నడిచి కుడి పక్కకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"పెడనలో నేనడిగింది నీకు వినపడిందా?" అన్నాడు.

"ఫరహత్ చెబితే తెలిసింది. అప్పటికి ఏడాదైంది."

వాడు కొండ వైపు తిరిగాడు. మెట్ల మీద నుంచి కొబ్బరి నీళ్ళ వాసన వస్తోంది. "నీతో ఇదేరా పాదం," అన్నాడు. "బర్రె అయినా కాస్త తోక ఊపుద్ది." తర్వాత, నావైపు చూడకుండా, "నా గిటారు అమ్మేశా. అక్కడున్నది రవూఫ్ భాయ్‌ది," అన్నాడు.

"చూశాను."

"ఇప్పుడిక ఆ రెండు గిటార్ల పార్టీ కుదిరే పని కాదు."

"తెలుసు."

రవూఫ్ భాయ్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ మెట్లెక్కాడు. వచ్చీ రాగానే పెట్టె దగ్గర వంగి ఎర్ర దీపాలు చూసుకున్నాడు, తుడిచాడు. "ఎలా ఉంది పాదం, రెండు పక్కలా పలుకుతోందా?" అన్నాడు. నేను నోరు తెరిచాను. ఏం చెబుదామనుకున్నానో నాకే తెలీదు.

"భాయ్," అన్నాడు జాకీర్. "స్టీరియో తీయించండి. మోనో చేయించండి."

"ఏం?"

"ఆ పక్క నుంచి వచ్చేది నాకు చెవిన పడటం లేదు. ఎడమ చెవి పని చెయ్యదు నాకు."

రవూఫ్ భాయ్ తలెత్తాడు. "నీకా?"

"నాకే. చాలా ఏళ్ళయింది."

"అందుకేనా మానేశావ్?"

"అందుకే."

రవూఫ్ భాయ్ లేచి నిలబడ్డాడు. చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉంది. "పిచ్చోడా," అన్నాడు. "చెప్పొచ్చుగా."

"చెబితే ఏం చేసేవారు?"

"ఏం చేస్తాను, కుర్చీ ఇటు వేయించేవాణ్ణి." అని, ఇందులో అడగడానికేముంది అన్నట్టు భుజాలు ఎగరేసి, కిందికి వంగి, "నవాజ్, ఈ పూటకి మోనో చెయ్యి," అన్నాడు.

ఆ మాట ఆయన జాకీర్‌తో అన్నాడు. రేపు పొద్దున బట్టల కొట్టుకి వెళ్ళిపోయే మనిషితో అన్నాడు. నాతో అయితే అదే అనేవాడా, శాలువా తెప్పించేవాడా అని జాకీర్ మొహం చూశాను, వాడూ అదే ఆలోచిస్తున్నట్టున్నాడు. నవాజ్ సణుక్కుంటూ వచ్చి తివాచీ మీద పడి ఉన్న వైరు చేతికి చుట్టుకుంటూ పోయాడు. జాకీర్ తన గిటారు అటే ఉండిపోయిందని లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు, కూర్చున్నాడు, నా మోచెయ్యి వాడి గిటారు మెడకి తగులుతోంది, ఇటు పక్క రెండో గిటారు కూర్చునే చోటు కాదు ఇది. "కాస్త జరుగు," అన్నాడు. జరిగాను.